తెలుగొచ్చు అంటే సరిపోదు: గూడెం, తండా మనుషులకు వాళ్ల మాటలో వైద్యం అందించే పద్ధతి

ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర "తెలుగు వస్తదా?" అని అడిగితే ములుగు, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చినోళ్లలో చాలామంది "వస్తది" అనే అంటారు. అందులో అబద్ధం లేదు. అంగట్లో పత్తి ధర మాట్లాడుకునేంత, బస్సులో టికెట్ తీసుకునేంత తెలుగు వాళ్లకు వస్తుంది. కడుపులో సలపరమా, మంటా, గుంజుడా, తిన్నంక నొస్తున్నదా తినకముందా అని విడదీసి చెప్పడానికి కావల్సిన తెలుగు వేరే. అది పుట్టి పెరిగిన ఇంట్లో వచ్చే మాట. చీటీ మీద "భాష: తెలుగు" అని పడిన క్షణం నుంచి ఆ మనిషి చెప్పేది సగమే మనకు చేరుతుంది, మనం చెప్పేది సగమే ఆ మనిషికి చేరుతుంది. మిగతా సగాన్ని "వీళ్లు చెప్తే వినరు" అని రాసుకుంటాం.

ఈ మార్గదర్శి పీహెచ్‌సీ వైద్యాధికారులకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్‌ఎంలకు, ఆశాలకు, వరంగల్ ఎంజీఎం, ఆదిలాబాద్ రిమ్స్ లాంటి పెద్ద దవాఖానల వార్డుల్లో పనిచేసేవాళ్లకు. కొత్త నిధులు, కొత్త పోస్టులు వచ్చేదాకా ఆగాల్సిన పని ఇందులో ఏదీ లేదు.

ముందు మీ ఊళ్ల పటం గీసుకోండి

2011 లెక్కల్లో తెలంగాణలో గిరిజనులు 31.78 లక్షలు, జనాభాలో 9 శాతం పైచిలుకు. "గిరిజనులు" అనే ఒక్క మాట దవాఖానలో దేనికీ పనికిరాదు. మీ పీహెచ్‌సీ కింద ఉన్న ప్రతి గూడేనికి, తండాకు ఒక వరుస గీసి మూడు సంగతులు రాయండి: ఇంట్లో మాట్లాడే భాష, బాగా వచ్చే రెండో భాష, ఊళ్లో మాట చెల్లే మనిషి.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, కొత్తగూడెం వైపు కోయలు. వీళ్లలో గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లు చాలావరకు తెలుగు మాట్లాడతారు, లోపలి గూడేల్లో ముసలివాళ్లు కోయ మాటే మాట్లాడతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల మాట బస్తర్ వైపుది. మన కోయవాళ్ల మాటకు అది చుట్టమే, కానీ ఏటూరునాగారం కోయ ఆశా అన్నీ అర్థం చేసుకుంటుందని అనుకోవద్దు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండులది గోండి, కొలాములది కొలామీ. కొలాముల్లో చాలామందికి గోండి, మరాఠీ వస్తాయి కాబట్టి గోండి మనిషితో పని నెట్టుకొస్తారు. అత్యవసరానికి అది చాలుతుంది, గర్భిణికి వరుసగా జరిగే తనిఖీలకు చాలదు. కోయ, గోండి, కొలామీ ద్రావిడ భాషలు. లంబాడీల గోర్ బోలి ఆ కుదురుదే కాదు, రాజస్థానీ, హిందీల కుటుంబం. నాయకపోళ్లలో ఎక్కువమంది ఇంటి మాట తెలుగే.

చుట్టరికం ఉన్న భాషలతోనే ఎక్కువ ప్రమాదం. మనకు ఏరు అంటే వాగు, గోండిలో "ఏర్" అంటే నీళ్లు. మన నెత్తురు అక్కడ "నెత్తూర్". నాలుగు మాటలు ఇట్లా కలిసేసరికి "ఈ భాష నాకు అర్థమైతది" అనే ధీమా వస్తుంది. ఆ ధీమాతోనే దుభాషిని పిలవడం మానేస్తారు.

గోదావరి అవతలి వాజేడు, వెంకటాపురం లాంటి మండలాల్లో వాన కాలంలో ఏ గూడేనికి దారి తెగుతుందో కూడా ఈ పటం మీదే గుర్తు పెట్టండి. నెలలు నిండే గర్భిణుల పేర్లు జూన్‌లోనే ఆ గుర్తుల పక్కన రాసి ఉండాలి.

చీటీ మీద నాలుగు గళ్లు

చీటీ మీద, కేసు షీటు మీద ఈ నాలుగు రాసే అలవాటు చేయండి. ఒకటి, ఇంటి భాష. "తెలుగు వస్తదా" అని కాకుండా "ఇంట్ల పిల్లలతో ఏం మాట మాట్లాడుతరు?" అని అడిగితే నిజం బయటపడుతుంది. రెండు, దుభాషి కావాలా, ఆడమనిషే కావాలా. మూడు, కార్డులో ఉన్న పేరు, పిలిచే పేరు రెండూ. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, కేసు షీటులో ఇంకోటి పడితే ఆరోగ్యశ్రీ అనుమతి దగ్గర ఆగిపోతుంది, మళ్లీ వంద కిలోమీటర్లు తిరగాలి. నాలుగు, ఉండే గుంపు, అంటే ఆవాసం పేరు, దాని పంచాయతీ పేరు. రెవెన్యూ రికార్డులో లేని ఆవాసాలు చాలా ఉన్నాయి. "ఏటూరునాగారం మండలం" అని మాత్రమే రాస్తే తిరిగి ఆ మనిషిని వెతికి పట్టుకోలేరు.

వయసు దగ్గర అంకె అడిగితే నోటికొచ్చింది చెప్తారు. ములుగు వైపు మేడారం జాతర రెండేళ్లకోసారి. "ఈ పిల్లగాడు కడుపుల ఉన్నప్పుడు జాతర అయిందా, పుట్టినంక అయిందా? పుట్టినంక ఎన్ని జాతరలు చూసిండు?" అని అడిగితే పిల్లల వయసు ఏడాది అటూ ఇటూగా తేలుతుంది. ఆదిలాబాద్ వైపు ఏటా పుష్యమాసపు అమావాస్యకు జరిగే కేస్లాపూర్ నాగోబా జాతరతో ఇంకా దగ్గరగా లెక్క కట్టొచ్చు. పిల్లల మందు మోతాదు మాత్రం వయసుతో కాకుండా తూకం వేసే రాయండి.

గుత్తికోయల దగ్గర ఆధార్, రేషన్ కార్డు లేకపోవచ్చు. టీకాకు, జ్వరం పరీక్షకు, కాన్పుకు కార్డు అడ్డం కాకూడదని కిటికీ దగ్గర కూర్చునే మనిషికి స్పష్టంగా చెప్పి పెట్టండి. ఆ గుడిసెలకు వెళ్లేటప్పుడు అటవీ సిబ్బందితోనో పోలీసులతోనో కలిసి, వాళ్ల బండిలో వెళ్లొద్దు. ఒక్కసారి వెళ్లినా చాలు, మరుసటి వారం టీకా రోజున గుడిసెల్లో పిల్లలు కనిపించరు.

దుభాషి: ఎవరిని కూర్చోబెట్టాలి, ఎట్లా

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. దొరికినవాళ్లను దొరికినట్టు పిలుస్తారు. వెంట వచ్చిన పదేళ్ల పిల్లకు ఆశ్రమ పాఠశాల వల్ల తెలుగు బాగా వస్తుంది కాబట్టి తల్లి తెల్లబట్ట గురించి ఆ పిల్లనే అడుగుతారు. తల్లి ఏమీ లేదంటుంది. పిల్ల కూడా ఏమీ లేదంటుంది. మొగుణ్ని అడిగితే అతనికి తెలిసింది, అతనికి ఇష్టమైంది చెప్తాడు. కొట్టిన దెబ్బలు, పోయిన కాన్పులు, గర్భం రాకుండా వాడే గోలీల సంగతి అతని నోట రావు. ఊరి ఆర్‌ఎంపీ వెంట వస్తే తాను ఎక్కించిన సెలైన్ల గురించి అతనే ఎందుకు చెప్తాడు?

వరుస ఇట్లా పెట్టుకోండి. మొదట అదే భాష ఇంట్లో మాట్లాడే ఏఎన్‌ఎం, నర్సు. తర్వాత అదే తెగ ఆశా, కానీ వేరే గూడెం ఆశా అయితే మేలు, సొంత ఊరి ఆశా ముందు కొన్ని సంగతులు దాస్తారు. తర్వాత పెద్ద వయసు బంధువు, ఆడవాళ్లకు ఆడవాళ్లే. ఎవరూ లేకపోతే ఫోన్. ప్రతి భాషకు ఇద్దరి చొప్పున ఫోన్ నంబర్లు, ఏ వేళకు దొరుకుతారో లేబర్ రూం గోడ మీద రాసి ఉండాలి. సిగ్నల్ లేని పీహెచ్‌సీ అయితే ఫోన్ ఉపాయం పనిచేయదు, అక్కడ కాన్పు డ్యూటీ పట్టీ వేసేటప్పుడే భాష వచ్చిన మనిషి ఉండేలా వేయాలి. 18 ఏళ్ల లోపు పిల్లలు ఎప్పుడూ వద్దు, ప్రాణం మీదికొచ్చి ఇంకెవరూ లేనప్పుడు తప్ప.

మనిషి దొరికిన తర్వాత:

1. రోగి రాకముందు రెండు నిమిషాలు దుభాషితో మాట్లాడండి. ఏం అడగబోతున్నారో చెప్పండి. "వాళ్లు ఏది అంటే అదే చెప్పు, కలపకు, తగ్గించకు. తెలియని మాట వస్తే ఆపి నన్ను అడుగు. ఇక్కడ విన్నది అంగట్లో అనొద్దు." ఈ మాటలు ప్రతిసారీ చెప్పాలి, అదే మనిషి పదోసారి వచ్చినా.
2. ముగ్గురూ మూడు మూలల కూర్చోండి, దుభాషి రోగికి కాస్త వెనకగా. మీ చూపు రోగి మీద ఉండాలి. దుభాషిని చూస్తూ "ఈమెకు ఎన్ని రోజుల నుంచి?" అని అడిగితే అక్కడితో రోగి ఆ మాటలోంచి బయటికి పోయినట్టే. "అక్కా, నీకు ఎన్ని రోజుల నుంచి?" అని రోగినే అడగండి.
3. రెండు వాక్యాలు, ఆపడం. మళ్లీ రెండు వాక్యాలు. ఒక్క ఊపిరిలో వ్యాధి, మందు, పత్యం, మళ్లీ రావలసిన తేదీ చెప్పేస్తే దుభాషి గుర్తున్నంత చెప్తుంది.
4. రోగి రెండు నిమిషాలు మాట్లాడితే దుభాషి "నొస్తందట" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఊరుకోవద్దు. "అంత సేపు ఏమన్నది? మాటకు మాట చెప్పు" అనండి. ఈ ఒక్క అలవాటుతో దాగిన సంగతులు సగం బయటికొస్తాయి.
5. రోగి వెళ్లాక అర నిమిషం: "ఆమె ఏదైనా చెప్పడానికి వెనకాడిందా?"

దుభాషి ఉన్నప్పుడు సమయం రెట్టింపు పడుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు ఓపీ ముగిసే వేళ కాకుండా పొద్దున మొదటి వరుసలోనే వాళ్లను చూడండి. దూరం నుంచి వచ్చినవాళ్లకు తిరుగు బస్సు ఒక్కటే ఉంటుంది, అది తప్పిపోతుందన్న గాబరాలో అన్నిటికీ తల ఊపేస్తారు.

ఇక గోండి లిపి సంగతి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. దవాఖాన బోర్డు ఆ లిపిలో ఉంటే గౌరవం, తప్పక రాయించండి. కానీ వచ్చిన రోగుల్లో దాన్ని చదవగలిగేవాళ్లు బాగా తక్కువ. బోర్డుతో పని అయిపోయిందని అనుకోవద్దు. సిబ్బంది కోసం తెలుగు లిపిలో గోండి మాటల పట్టీ చేసుకోండి: శరీర భాగాలు 20, బాధలు 20, ప్రశ్నలు 20. ఊరి ఆడమనిషి చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసి, విని రాయండి. పుస్తకంలోంచి ఎక్కించిన మాటలు పక్క మండలానికే మారిపోతాయి.

అడిగే తీరు

పిలుపుతోనే సగం పని. అవ్వ, తాత, అక్క, అన్న అనండి. ఆదిలాబాద్ వైపు "రామ్ రామ్ దాదా" అంటే ముఖం విప్పుకుంటుంది. తండా ముసలమ్మను "యాడి" అనొచ్చు. "ఏయ్, ఇటు రా" అనే పిలుపు మన దవాఖానల్లో ఇంకా ఉంది, ఎవరికి ఎక్కువ వినపడుతుందో కూడా అందరికీ తెలుసు.

"ఇన్ని రోజులు ఏం చేసినవ్? ఇప్పుడొస్తవా?" అనే ప్రశ్నను పూర్తిగా మానేయండి. దానికి జవాబు ఎప్పుడూ అబద్ధమే. "ముందుగల ఎక్కడ చూపించిన్రు? ఏం పసరు పోసిన్రు? అది తాగినంక తగ్గిందా, పెరిగిందా?" అని మామూలు గొంతుతో అడిగితే చెప్తారు. పిల్లల కడుపు ఉబ్బినా, దమ్ము వచ్చినా కాల్చి చురకలు పెట్టే ఊళ్లు ఉన్నాయి. చురక మచ్చ చూసి తల్లిని తిడితే వచ్చేసారి ఆమె పిల్లను తేదు. పుండుకు మందు రాసి, ముందు పిల్ల ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసిగుడ్డుకు నిమిషానికి 60, రెండు నుంచి 12 నెలల వరకు 50, ఏడాది దాటిన అయిదేళ్ల లోపు పిల్లకు 40, లేదా అంతకుమించి ఉంటే న్యుమోనియా అని అనుమానించాలి. చురక ఎందుకు పనిచేయదో ఆ పిల్ల కోలుకున్న రోజున చెప్పండి, అప్పుడు వింటారు.

సారా గురించి అడిగేటప్పుడు "తాగుతవా?" అంటే "లేదు" అంటారు. ఇప్పసారా పండుగలకు, దేవుడి కార్యాలకు ఉండేదే. "పండుగకు ఎన్ని గిలాసలు, మామూలు రోజుల్ల ఎన్ని?" అని అడిగితే లెక్క వస్తుంది. టీబీ మందులు మొదలుపెట్టేముందు కాలేయం సంగతి తెలియాలంటే ఈ లెక్క తప్పనిసరి.

ఒంటి మీది వస్తువుల జోలికి అడగకుండా పోవద్దు. పెద్ద వయసు లంబాడీ ఆడవాళ్ల దండచేతి గాజులు, జడల్లోని ఘుగ్రీలు పెళ్లయిన గుర్తులు. మొగుడు బతికుండగా తీయడం అపశకునం. బీపీ పట్టీ వేయడానికి రెండో చేయి చూడండి, అక్కడా గాజులుంటే తగిన కొలత పట్టీని మోచేతి కిందికి కట్టి చూసి, అట్లా చూసినట్టు రాయండి. ఆపరేషన్‌కు తీయక తప్పకపోతే కారణం చెప్పి, ఇంటి ఆడమనిషి చేతనే తీయించి, ఆమె కొంగులోనే కట్టించండి. తాయెత్తును కత్తెరతో కోయడం కన్నా పక్కకు జరిపి టేపు వేయడం తేలిక.

మందు చెప్పడం: మూడు పూటలు లేని ఇంటికి మూడు పూటల గోలీ

"పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిన్న తర్వాత" అని రాస్తాం. పత్తి ఏరే రోజుల్లో చాలా ఇళ్లలో పొద్దున గటకనో అంబలో తాగి పోతే మళ్లీ పొద్దుగూకినాకే అన్నం. తిన్న తర్వాతే వేసుకోమన్నాం కాబట్టి మధ్యాహ్నపు గోలీ మిగిలిపోతుంది. అందుకే ముందు అడగండి: "రోజుకు ఎన్నిసార్లు తింటరు, ఎప్పుడెప్పుడు?" రోజుకు రెండుసార్లు సరిపోయే మందు ఉంటే అదే రాయండి. మూడుసార్లు తప్పకపోతే మధ్యాహ్నపుది చేనుకు కట్టుకుపోయే సద్దిలోనో, నీళ్ల సీసాకో కట్టుకోమనండి.

గోలీ పొట్లం మీద అక్షరాలు వద్దు. స్కెచ్ పెన్నుతో గీతలు: ఎన్ని గీతలో అన్నిసార్లు. సూర్యుడు, చంద్రుడి బొమ్మలు అందరికీ అర్థమవుతాయని మనం అనుకుంటాం. బొమ్మ చూపించి "ఇది ఏంది?" అని అడిగి చూడండి, సూర్యుణ్ని పువ్వు అన్నవాళ్లు దొరుకుతారు. రెండు రకాల తెల్ల గోలీలను ఒకే కవర్లో వేయొద్దు.

రోజులను వారం వారం జరిగే అంగళ్లతో లెక్కపెట్టండి. వైవాక్స్ మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులు, పెద్దవాళ్లకు 4, 4, 2 గోలీలు. ప్రైమాక్విన్ మాత్రం 14 రోజులు, పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు. మూడో రోజుకే జరం పోతుంది, గోలీలు గూట్లోకి పోతాయి, కాలేయంలో దాగిన పురుగు కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. "14 రోజులు" అనేది గాలిలో అంకె. "ఈ అంగడి, వచ్చే అంగడి, ఆ పై అంగడి దాకా" అంటే పట్టుకుంటారు. ఏడేసి రోజుల గోలీలతో రెండు పొట్లాలు కట్టి, మొదటి పొట్లం అయ్యాక వచ్చే అంగడి రోజున ఆశాకు ఖాళీ పొట్లం చూపి రెండోది తీసుకునేలా పెట్టండి. ప్రైమాక్విన్‌తో మూత్రం నల్లగా, ముదురు టీ రంగులో వస్తే వెంటనే ఆపి రమ్మని చెప్పాలి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్లకు రక్తకణాలు పగిలిపోతాయి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఆ మందు ఇవ్వరు.

టీబీకి ఆరు నెలలు. ఇప్పపూలు రాలే కాలంలో మొదలైతే దసరా దాకా అని చెప్పండి. రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్ర నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పకపోతే నెత్తురు పోతున్నదని మూడో రోజే మానేస్తారు. ఇనుము గోలీలదీ అదే కథ: గర్భిణికి ఇచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 180 రోజులు. దొడ్డికి నల్లగా వస్తుంది, అది మంచిదే అని చెప్పాలి. చాయ్‌తో, కాల్షియం గోలీతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం పగలు అన్నంతో, ఎర్ర గోలీ రాత్రి.

ఓఆర్‌ఎస్ పొట్లానికి లీటరు నీళ్లు. ఇంట్లో లీటరు కొలత ఉండదు, అందుకని గిలాసలో పావు పొట్లం కలుపుతారు. చిక్కగా అయితే విరేచనాలు పెరుగుతాయి, పలచగా అయితే పనిచేయదు. లీటరు నీళ్ల సీసా ఒకటి ఇచ్చి మీ ముందే కలిపించండి. 24 గంటలు దాటితే పారబోయాలి. వెంట జింక్ 14 రోజులు: రెండు నుంచి ఆరు నెలల పిల్లకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20. ఇదీ రెండు అంగళ్ల లెక్కే.

చివరికి "అర్థమైందా?" అని అడగొద్దు. "అయింది" అనే మాట మర్యాద కోసం వస్తుంది. ఇట్లా అడగండి: "ఇంటికి పోయినంక మీ అత్తమ్మ 'డాక్టర్ ఏం జెప్పిండు' అని అడుగుతది గదా, ఏం చెప్తవ్?" చెప్పింది తప్పయితే మన చెప్పడం తప్పు, మళ్లీ వేరే మాటల్లో చెప్పాలి. రెండోసారీ తప్పితే మందుల సంఖ్య తగ్గించడానికి వీలుందేమో చూడండి.

సికిల్ సెల్: గింజలతో చెప్పాలి

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే రోగం, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది, 40 ఏళ్ల లోపు అందరికీ పరీక్ష. వేలికొన రక్తంతో సాల్యుబిలిటీ పరీక్ష, అందులో అనుమానం వస్తే హెచ్‌పీఎల్‌సీ లాంటి నిర్ధారణ పరీక్ష. నెత్తురు తీయడం తేలిక. ఫలితం చెప్పడమే కష్టం, మనవాళ్లు చాలామంది కార్డు చేతిలో పెట్టి ఊరుకుంటారు.

"నీ నెత్తురు చెడిపోయింది" అనే మాట నోట రావొద్దు. ఆ మాటకు ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుంది. ఫలితం ఆ ఇంటివాళ్లకే, విడిగా. ఎర్ర కందులు, తెల్ల జొన్నలు తీసుకోండి. తల్లి ముందు ఒక కంది ఒక జొన్న, తండ్రి ముందు ఒక కంది ఒక జొన్న పెట్టండి. కంది అంటే కొడవలి గుణం. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, ఒక్క కందితో రోగం రాదు. పిల్లకు తల్లి నుంచి ఒక గింజ, తండ్రి నుంచి ఒక గింజ. కళ్లు మూసుకుని తీయమనండి. రెండు కందులు వస్తేనే రోగం, నాలుగింట ఒక వంతు. ఒకటి కంది ఒకటి జొన్న వచ్చేది సగం. గింజలు మళ్లీ వెనక్కి పెట్టి రెండో పిల్లకు తీయించండి. ఇది వదలొద్దు. "నలుగురిలో ఒకరికి" అని నోటితో చెప్తే "మొదటి పిల్లకు వచ్చింది, ఇక ముగ్గురికి రాదు" అని అర్థం చేసుకుంటారు. ప్రతి కాన్పుకూ లెక్క మొదటి నుంచే అని గింజలే చూపిస్తాయి.

మేనరికం వల్ల వచ్చిందని నిందించొద్దు. ఒక్క కంది ఉన్నవాళ్లకు ఫాల్సిపారం మలేరియా తీవ్రం కాకుండా కొంత రక్షణ ఉంటుంది, అందుకే మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో ఆ గుణం నిలిచింది. గోండుల్లో ఒకే సగలో, అంటే ఒకే గోత్రపు గుంపులో, పెళ్లి చేసుకోరు. సంబంధం చూసేటప్పుడు సగ అడిగినట్టే కార్డు కూడా చూసుకోమని రాయి సెంటర్ (గోండుల పంచాయతీ) పెద్దలైన సార్మేడీల చేత చెప్పిస్తే ఆ మాటకు విలువ ఉంటుంది. మన నోట వస్తే ఆంక్షలా వినపడుతుంది.

రోగం ఉన్నవాళ్లకు చెప్పాల్సినవి: నీళ్లు ఎక్కువ తాగాలి, చలిలో తడవొద్దు, జరం వస్తే అదే రోజు దవాఖానకు. ఈ రోగానికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడేవాళ్లకు మధ్య మధ్య రక్త పరీక్ష ఉండాలి. ఒళ్లంతా నొప్పులని అర్ధరాత్రి వచ్చినవాళ్లను "ఊకె వస్తడు" అనే నర్సు ప్రతి వార్డులో ఒకరుంటారు. బయటికి ఏమీ కనపడకపోయినా ఆ నొప్పి ఎముక లోపలిది.

కాన్పు

దవాఖాన కాన్పు ఇష్టం లేదంటారు. అడిగితే కారణాలు చిన్నవి, తీర్చగలిగేవి: మగ డాక్టర్, బట్టలు విప్పడం, వెల్లకిలా పడుకోబెట్టడం, అత్తనో తల్లినో బయటికి పంపడం, చల్లని నీళ్లు. తోడుగా ఒక ఆడమనిషిని లేబర్ రూంలోకి రానివ్వొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద కనడం వాళ్లకు అలవాటు. చిక్కులేని కాన్పులో తల్లికి నచ్చిన భంగిమకు అడ్డు చెప్పాల్సిన వైద్య కారణం లేదు. కింద శుభ్రమైన చాప, షీటు, పట్టుకోవడానికి గట్టి ఆసరా ఉంటే చాలు.

మాయ ఇంటికి తీసుకుపోయి పాతిపెట్టాలని అడుగుతారు. జీవవ్యర్థాల నిబంధనల్లో అది పసుపు సంచిలోకి పోవాలి. కాన్పయ్యాక గొడవ పడే బదులు ఎనిమిదో నెల తనిఖీలోనే చెప్పండి. ఊడిన బొడ్డు మాత్రం ఇంట్లోనే ఉంటుంది, దాని ఆచారం వాళ్లు చేసుకుంటారు. బొడ్డు మీద బూడిద, పసుపు, పసరు ఏదీ వద్దని ఆ సమయంలోనే కలిపి చెప్పొచ్చు. గంటలోపు ముర్రుపాలు, 24 గంటల దాకా పసిగుడ్డుకు స్నానం వద్దు. తాగడానికి వేడినీళ్లు, ఇంటి నుంచి జొన్న జావ, కారం అన్నం తెచ్చుకోనివ్వండి. బాలింత పత్యంలో పప్పు, గుడ్డు మానేస్తున్నారేమో చూడండి, అక్కడ మాత్రం పట్టు వదలొద్దు.

వడ్డె, దేవారి

కోయల పూజారి వడ్డెనో గోండుల పూజారి దేవారినో తప్పించి పోదామనుకుంటే రోగి మనల్నే తప్పించి పోతాడు. ఏడాదికి రెండుసార్లు, విత్తనాలు వేయకముందు ఒకసారి, దీపావళి దండారి అయ్యాక ఒకసారి, వాళ్లను పిలిచి కూర్చోండి. పూజ ఆపమని అడగొద్దు. ఒక్క ఒప్పందం చాలు: ఫిట్స్, పాలు తాగని పిల్ల, ఎగపోత, కాన్పు ముందో తర్వాతో ఆగని నెత్తురు, పాము కాటు, ఇవి వస్తే పూజ తర్వాత, బండి ముందు. పాము కాటుకు కట్టు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదలనివ్వొద్దు. వడ్డె పంపిన రోగిని అతని పేరు చెప్పి పలకరించండి, కోలుకున్నాక అతనికి కబురు పెట్టండి. తర్వాతి రోగి తొందరగా వస్తాడు.

ఎంజీఎంకు పంపేటప్పుడు

రెఫర్ చీటీ మీద రోగం పేరు కన్నా పైన పెద్ద అక్షరాలతో భాష, దుభాషి ఫోన్ నంబరు రాయండి. వెంట వెళ్లేవాళ్లలో ఒకరికైనా తెలుగు చదవడం వస్తదా అడగండి. కార్డు జిరాక్సులు రెండు ఉన్నాయా, చార్జీల డబ్బులు ఎన్నున్నాయి చూసుకోండి, ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటాడో చెప్పండి. 108 ఎక్కించి చేతులు దులుపుకోకుండా వార్డుకు చేరాక ఒక ఫోన్.

రక్తం ఇవ్వమంటే బంధువులు రాత్రికి రాత్రే మాయమవుతారు. పిరికితనం కాదది, ఒంట్లో నెత్తురు మళ్లీ పుట్టదన్న నమ్మకం. తీసేది 350 మిల్లీలీటర్లు, మన చిన్న చెంబులో సగం. నీళ్ల భాగం ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది, కణాలకు కొన్ని వారాలు. 45 కిలోల లోపు ఉంటే, హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువుంటే మేమే తీసుకోం అని చెప్పండి. ఆ మాటే ధైర్యం ఇస్తుంది.

ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర పడేముందు ఊరి పెద్దతో ఫోన్‌లో మాట్లాడుకోవడానికి సమయం ఇవ్వండి. మనిషి పోతే శవాన్ని ఊరికి చేర్చే ప్రభుత్వ వాహనం సంగతి వార్డు సిబ్బందే చెప్పాలి. తెలియక ప్రైవేటు బండికి అప్పు చేసి కట్టిన ఇంటి నుంచి ఇంకో రోగి మళ్లీ రాడు.

లెక్క చూసుకోవడం

నెలకోసారి ఓపీ గేటు బయట పదిమందిని, సిబ్బంది కాని మనిషి, వాళ్ల భాషలో అడగాలి: నీకు ఏమైందని చెప్పిన్రు? ఈ గోలీలు ఎట్ల వేసుకుంటవు? మళ్లీ ఎప్పుడు రావాలె? మూడింటికీ సరిగ్గా చెప్పినవాళ్లు ఎందరో రాసుకోండి. మొదటి నెల ఆ అంకె బాగోదు, జిల్లా సమీక్షలో చూపించడానికి మొహమాటపడొద్దు. ఏ ప్రశ్న దగ్గర ఎక్కువ తప్పుతున్నదో చూడండి. మొదటిది తప్పితే దుభాషి దగ్గర లోపం, రెండోది తప్పితే మందుల కిటికీ దగ్గర, మూడోది తప్పితే తేదీలు అంగడి లెక్కలో చెప్పడం లేదన్నమాట. ఈ పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటే తునికాకు కోతకు పోయి జనం దొరకరు. జూన్ నుంచి మొదలుపెట్టండి.